బొడ్రాయి మునిగితే ఊరు మునిగినట్టేనా?

వేములవాడను ఒరుసుకుంటూ పారే మూలవాగు, మానేరులో కలిసే చోట ఇప్పుడు ఒక పెద్ద జలాశయం ఉంది. మిడ్ మానేరు అని మొదలై, చివరికి శ్రీ రాజరాజేశ్వర జలాశయమని వేములవాడ దేవుడు రాజన్న పేరే పెట్టుకున్న ఆ జలాశయంలో 25 టీఎంసీలకు పైగా పడతాయి. 2019 నాటికి అది నిండింది. అనుపురం, రుద్రవరం, సంకెపల్లి, కొడుముంజ, చీర్లవంచ, చింతలఠాణా, నీలోజిపల్లి, కొదురుపాక లాంటి పేర్లు ఇప్పుడు రెండు చోట్ల కనబడతాయి. ముంపు గ్రామాల జాబితాలో ఒకసారి, గట్టు మీద వరుసలుగా కట్టిన పునరావాస కాలనీల బోర్డుల మీద ఇంకోసారి. ఒకే పేరుతో కింద ఒక ఊరు, పైన ఒక ఊరు. వీటిలో అసలు ఊరు ఏది? నీళ్ల అడుగున జనం లేని గోడలదా ఆ పేరు, లేక పాత గోడల్లో ఒక్కటీ లేని కొత్త వీధులదా? ఇది రెవెన్యూ రికార్డులు తేల్చే సంగతి కాదు. ఒక వస్తువులోని భాగాలన్నీ మారిపోతే అది అదే వస్తువా కాదా అని మన దర్శనాలు వాదించుకున్న ప్రశ్న ఇది. ఆ వాదాన్ని ఒక చిన్న పల్లె మీద పెట్టి చూస్తే, ఊరు అనే మాటకు మనం ఇస్తున్న అర్థం ఎంత పలచబడిందో తెలుస్తుంది.

పల్లెటూరికి ఒక స్వభావం ఉంటుందని అందరూ ఒప్పుకుంటారు. ఆ ఊరివాళ్లు మాటకు నిలబడతారని, ఈ ఊరివాళ్లు పంచాయితీలకు పోతారని, ఫలానా ఊళ్లో బోనాలు ఘనంగా చేస్తారని చుట్టుపక్కల వాళ్లు ఒక్క మాటలో చెప్పేస్తారు. ఆ స్వభావం ఎక్కడ ఉంటుందని అడిగితే మాత్రం తెలంగాణ పల్లె చూపించేది ఒక రాయిని. బొడ్రాయి. ఊరి నడుమ, దారులు కలిసే చోట భూమిలో పాతిన రాయి అది. గుడి ఉండదు, గోపురం ఉండదు, చాలా చోట్ల రోజువారీ పూజారి కూడా ఉండడు. ప్రతిష్ఠ నాడు, ఆ తరువాత చేసుకునే పండుగల నాడు ఇంటికింత అని చందా వేసుకుంటారు, ఇంటింటి నుంచి బిందెడు నీళ్లు తెచ్చి పోస్తారు, పెళ్లిళ్లయి వెళ్లిపోయిన ఆడబిడ్డలను పిలిచి ఒడిబియ్యం పోస్తారు. ఆ కాసేపు ఊరికి కట్టడి ఉంటుంది. లోపలివాళ్లు పొలిమేర దాటరు, బయటివాళ్లు అడుగు పెట్టరు. పండితులు నాభిశిల అంటారు, జనం బొడ్రాయి అంటారు, రెండూ ఒకటే మాట.

ఊరికి గుండెకాయ అనో తలకాయ అనో కాకుండా బొడ్డు అని ఎందుకన్నారో ఆలోచించాలి. బొడ్డుకు ఇప్పుడు చేసే పనేమీ లేదు. ఒకప్పుడు మనం ఇంకొకరి రక్తం మీద బతికాం అన్నదానికి అది మిగిలిన గుర్తు. మన ఒంటి మీద మనది కాని బతుకుకు సాక్ష్యం పలికే చోటు అదొక్కటే. బొడ్డు తాడు కోసినా మచ్చ పోదు. ఊరి నడుమ రాయికి ఆ పేరు పెట్టినవాళ్లు, ఈ ఊరు తనంత తాను పుట్టలేదని, ఇక్కడున్న ప్రతి ఇల్లూ ఇంకో ఇంటి చేతి మీదుగా బతికిందని చెప్పదలుచుకున్నారని నాకు అనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో నేను నిలబెట్టదలుచుకున్నది ఇది: ఊరు అంటే స్థలం కాదు, జనాభా కాదు, పేరు కూడా కాదు. ఊరు ఒక మొక్కు. తరతరాలుగా ఒకరికొకరు, అందరూ కలిసి ఆ నేలకు, చెల్లించుకుంటూ వస్తున్న బాకీ. దాని స్వభావం అంటే ఆ బాకీని ఆ ఊరు తీర్చుకునే తీరే.

ముందు స్థలాన్నే పరీక్షకు పెడదాం. ఇంగ్లండులో డోర్సెట్ తీరాన టైన్‌హామ్ అని ఒక చిన్న పల్లె ఉంది. 1943 డిసెంబరులో సైన్యం శిక్షణ కోసం దాన్ని ఖాళీ చేయించింది. యుద్ధం ముగిసినా జనాన్ని తిరిగి రానివ్వలేదు. ఆ పల్లె ఇవాళ్టికీ ఉన్నచోటే ఉంది. చర్చి ఉంది, బడి ఉంది, ఇళ్ల మొండిగోడలు ఉన్నాయి, చూడటానికి జనం వస్తారు. స్థలమే ఊరైతే టైన్‌హామ్ బతికున్న ఊరు కావాలి. కానీ చూసిన ప్రతివాడూ దాన్ని చచ్చిపోయిన ఊరనే అంటాడు. దానికి ఎదురు ఉదాహరణ డెర్బీషైర్‌లోని డెర్వెంట్. లేడీబవర్ జలాశయం కింద ఆ పల్లె పోయింది. అక్కడివాళ్లు చర్చి తోటలోని తమ చనిపోయినవాళ్లను తవ్వి తీసి బామ్‌ఫర్డ్‌లో తిరిగి పూడ్చుకున్నారు. పాత రాతి వంతెనను రాళ్లు విడదీసి భద్రపరిచి 1959 నాటికి ఎగువన మళ్లీ కట్టారు. స్థలాన్ని మోసుకుపోలేరని వాళ్లకు తెలుసు. అయినా వాళ్లు మోసుకుపోవడానికి ఎంచుకున్నవి ఏవో చూడండి: పెద్దల ఎముకలు, అందరూ నడిచిన వంతెన. అంటే చనిపోయినవాళ్లతో ఉన్న సంబంధం, ఒడ్డుకూ ఒడ్డుకూ మధ్య ఉన్న సంబంధం.

పేరునూ మతాన్నీ పరీక్షించడానికి వేములవాడ కంటే మంచి చోటు లేదు. సబ్బినాడని శాసనాలు పిలిచిన ఈ సీమలో, రాష్ట్రకూటులకు సామంతులైన చాళుక్యులు ఏలిన రాజధాని ఇది. అప్పుడు దీని పేరు లేంబులవాటక. రెండో అరికేసరి కొలువులో పంప మహాకవి 941 నాటికి కన్నడ భారతం ముగించాడు. 959లో సోమదేవసూరి ఇక్కడికి దగ్గరి గంగాధరలో యశస్తిలకం పూర్తి చేశాడు. 966 నాటి పర్భణి తామ్రశాసనం ప్రకారం, లేంబులవాటకలో తన తండ్రి కట్టించిన శుభధామ జినాలయం బాగోగుల కోసం మూడో అరికేసరి ఒక పల్లెను సోమదేవుడి పేర ధారపోశాడు. రేపాక పన్నెండూళ్లలోది ఆ పల్లె. ఇప్పుడు వేములవాడకు వచ్చే లక్షలమందిలో జినాలయం కోసం వచ్చేవాడు లేడు. రాజు లేడు, రాజ్యం లేదు, ఆనాటి ఏలుబడి భాష లేదు. ఊరి పేరు కూడా నోళ్లలో నలిగి లేములవాడై, వేములవాడై, పల్లె జనం నోట ఎములాడ అయింది. ఇల్లంతకుంట మండలంలో రేపాక అనే పేరు మాత్రం ఇప్పటికీ ఉంది. ఇక ఈ సీమలోనే ఉన్న కురిక్యాల గుట్ట సంగతి. పంపడి తమ్ముడు జినవల్లభుడు 945 ప్రాంతంలో అక్కడ జినబింబాలు, చక్రేశ్వరి బొమ్మ చెక్కించి, సంస్కృతంలో కన్నడంలో తెలుగులో శాసనం వేయించాడు. తెలుగు కందపద్యాల్లో మనకు దొరికిన తొలివి ఆ శాసనంలోనివే. జైనం ఈ సీమ నుంచి వెళ్లిపోయింది. కానీ గుట్ట అనాథ కాలేదు. ఆ బొమ్మలను చూసి జనం దాన్ని బొమ్మలమ్మ గుట్ట అన్నారు. దేవత ఎవరో మరిచిపోయాక కూడా అక్కడ ఎవరో ఒకరికి మనం బాకీ ఉన్నామన్న సంగతి మరవలేదు. పేరు, మతం, భాష, ఏలిక, అన్నీ మారినా తెగకుండా వచ్చినది ఆ బాకీ భావమే.

జనమే ఊరు అంటే? ఈ ప్రశ్నను రెండు వేల ఏళ్ల కింద యవనరాజు మిలిందుడి ముందు నాగసేనుడు రథంతో తేల్చాడు. ఇరుసు రథం కాదు, చక్రాలు కావు, నొగ కాదు, అన్నీ కుప్పగా పోసినా రథం కాదు. అవి ఒక తీరుగా కూడినప్పుడు వ్యవహారానికి పెట్టుకున్న పేరే రథం. నైయాయికులు ఒప్పుకోలేదు. భాగాలకు వేరుగా అవయవి అనేదొకటి నిజంగా ఉంటుందని, లేకపోతే అసలు దేన్నీ చూడలేమని వాదించారు. ఊరి విషయంలో ఇద్దరి మాటా సగం నిజమే. కోరుట్ల, జగిత్యాల పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకు పోయినవాళ్లు ఎందరో. సిరిసిల్ల పద్మశాలీలు భివండి మగ్గాల దగ్గరికి తరాలుగా వలస పోయారు. ఏ దినాన లెక్క తీసినా ఊళ్లో ఉండాల్సిన మగవాళ్లలో కొంత భాగం ఊళ్లో ఉండదు. అయినా ఊరు చెదిరిందని అనరు. ఎందుకంటే దుబాయిలో ఉన్నవాడు బోనాల చందా పంపుతాడు, చెల్లెలి పెళ్లికి ఊరందరినీ పిలిపిస్తాడు, చనిపోతే శవపేటిక ఊరికే వస్తుంది. నాగసేనుడు చెప్పిన ఆ కూడిక తీరు దేహాలు పక్కపక్కన ఉండటం వల్ల వచ్చినది కాదు. ఇచ్చిపుచ్చుకోవడం వల్ల వచ్చినది. అదే ఊళ్లో ఇల్లు కొనుక్కుని ఇరవై ఏళ్లుగా ఉంటూ ఎవరి చావుకూ పోని మనిషి పేరు ఓటరు జాబితాలో ఉండొచ్చు గాని, ఊరు అతడిని లెక్కలోకి తీసుకోదు.

ఇక్కడ మీమాంసకుల మాట నాకు అన్నిటికంటే దగ్గరగా తగిలింది. జైమిని సూత్రాలకు భాష్యం రాసిన శబరస్వామి తొమ్మిదో అధ్యాయంలో, దేవుడి ఊరు, దేవుడి పొలం అని జనం అంటారే, నిజంగా దేవుడికి ఊరు ఉంటుందా అని అడిగి, ఉండదని తేల్చాడు. ఒకరి సొత్తు అంటే వాళ్లు తమ ఇష్టం వచ్చినట్టు వాడుకోగలిగినది. దేవత ఏ ఊరినీ, ఏ పొలాన్నీ అలా వాడుకోదు, కనుక అది లోకం మర్యాదకు అనే మాటే అన్నాడు. యాగంలో దేవత కంటే చేయవలసిన కర్మే ప్రధానమనేది ఆయన దారి. బ్రిటిష్ కాలపు న్యాయస్థానాలు దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టాయి. 1925లో ప్రివీ కౌన్సిల్ దేవుడి విగ్రహాన్ని హక్కులున్న వ్యక్తిగానే గుర్తించింది. ఆస్తి తగాదాల్లో ఆ దారి అవసరమే కావచ్చు. కానీ బొడ్రాయికి అది పనికిరాదు. బొడ్రాయికి మాన్యం ఉండదు, నగలు ఉండవు, కోర్టుకు పోవడానికి ధర్మకర్త ఉండడు. దానికి ఉన్నదల్లా దాని చుట్టూ మనుషులు చేయవలసిన పని. శబరుడు ఊరిని దేవుడి చేతిలోంచి తీసుకుని మనుషుల చేతుల్లో పెట్టాడు. అందువల్ల ఊరు మతానికి దూరం కాలేదు. చేయవలసినది చేయడమే మతమైనప్పుడు ఊరే ఒక నిత్యకర్మ అవుతుంది.

రాజన్న గుడిలో జరిగే కోడె మొక్కు ఈ సంగతిని కళ్లకు కట్టిస్తుంది. రైతు కోడె పగ్గం చేతపట్టి గుడి చుట్టూ తిప్పి, కట్టేసి, దండం పెట్టి పోతాడు. పిల్లలు కలగాలని, పంట రావాలని, జబ్బు తగ్గాలని మొక్కి ఉంటాడు. దేవుడితో బేరమాడటం భక్తి కాదని చదువుకున్నవాళ్లు కొందరు తీసిపారేస్తారు. వాళ్లు మొక్కు చెల్లించేవాడిని సరిగా చూడలేదు. బేరంలో సరుకు చేతికొచ్చాక రెండోవాడిని మరిచిపోవచ్చు. మొక్కులో కోరిక తీరాకే అసలు బాధ్యత మొదలవుతుంది. తండ్రి మొక్కి చెల్లించకుండా పోతే కొడుకు చెల్లిస్తాడు, తాను ఎన్నడూ కోరని కోరికకు. ఇది అప్పుపత్రం మీద నిలిచేది కాదు. వేములవాడలో రాజన్నను చూసినవాళ్లు బద్ది పోచమ్మకు బోనం పెట్టి గాని వెనుదిరగరు. మేడారం పోయేవాళ్లు ముందు రాజన్నకు మొక్కి పోతారు. గుడి ప్రాంగణంలోనే దర్గా ఉంది, మొక్కుకు వచ్చినవాళ్లు అక్కడా తల వంచుతారు. శివుడిని పెళ్లాడామనుకునే శివపార్వతులు, హిజ్రాలు స్వామి కల్యాణంలో తలంబ్రాలు పోసుకుంటారు. ఒక దేవుడి బాకీ ఇంకో దేవుడి దగ్గర రద్దు కాదు, ఒకచోట మొక్కినందుకు ఇంకోచోట మొక్కడం తప్పు కాదు అన్నది ఇక్కడి నడవడిలోనే ఉన్న సూత్రం. చుట్టూ ఉన్న పల్లెల స్వభావం ఈ గుడి నుంచి ఊళ్లకు పోయిందో, ఊళ్ల నుంచే గుడికి వచ్చిందో గాని, రెండింటి అచ్చు ఒకటే.

దీనికి బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేసి ముందుకు పోవడం అన్యాయం. ఊరిని బాకీ అని పొగుడుతున్నారే, ఆ బాకీ ఎవరి నెత్తిన పడింది? 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్, పల్లెను ఆదర్శంగా చూపించేవాళ్లను నిలదీశాడు. పల్లె అంటే సంకుచితత్వానికీ అజ్ఞానానికీ మతతత్వానికీ నెలవని ఆయన అన్నదాని సారం. 1830లో మెట్‌కాఫ్ అనే తెల్లదొర, రాజ్యాలు కూలినా చెదరని చిన్న గణరాజ్యాలని మన పల్లెలను మెచ్చుకుంటే, కూలకుండా మిగలడం ఒక గొప్పా, ఎలా మిగిలాయన్నది చూడరా అని అంబేడ్కర్ అడిగాడు. నిజాం కాలపు తెలంగాణ పల్లెలో బాకీ అనే మాటకు అర్థం వెట్టి. మాల మాదిగలు, చాకలి, మంగలి, కుమ్మరి, అందరూ దొర గడీకి చేసింది అదే. బొడ్రాయికి బిందెడు నీళ్లు పోసే హక్కు దళితవాడవాళ్లకు అన్ని ఊళ్లలోనూ సమానంగా దొరికిందని ఎవరైనా అంటే అది నిజం కాదు. పొలిమేరలో పొలి చల్లి ఊరి హద్దును కాచే పని దళితుడికి పెట్టి, ఆ హద్దు లోపల నడిబజారులో చెప్పులు విప్పించి నడిపించిన వ్యవస్థ మనది. ఊరి హద్దు అందరికంటే బాగా ఎరిగినవాడిని ఊరికి వెలి ఉంచిన దోషాన్ని ఏ నాభిశిలా కడగలేదు.

అంబేడ్కర్ చెప్పిన ప్రతి మాటనూ నేను ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక కూడా నా వాదం నిలుస్తుంది, ఇంకా చెప్పాలంటే ఈ సీమ చరిత్రే దాన్ని నిలబెట్టింది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టి పోవాలని, దొరలు ఆక్రమించుకున్న భూములు వదలాలని, కూలి పెరగాలని రైతుకూలీలు వేల సంఖ్యలో కదిలారు. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ రోజుల్లో ఊళ్లు దొరల మీద వాడిన ఆయుధాల్లో ఒకటి సాంఘిక బహిష్కరణ. చాకలి బట్టలు ఉతకలేదు, మంగలి గడ్డం గీయలేదు, పాలేరు పశువులను తోలలేదు. గడీ ఉన్నచోటే ఉంది, దాని గోడలు ఊరిలో అన్నిటికంటే ఎత్తుగానే ఉన్నాయి, పట్టాలు దొర పేరనే ఉన్నాయి. అయినా ఆ రోజున దొర ఊళ్లో లేడు. ఊరు అతని చుట్టూ నుంచి లేచి పక్కకు పోయి నిలబడింది. చాలామంది దొరలు పట్నాలకు వెళ్లిపోవడానికి అదీ ఒక కారణం. స్థలమే ఊరైతే, ఆస్తే ఊరైతే ఇది జరగడానికి వీల్లేదు. ఊరంటే ఒకరికొకరు చేసుకునే చేత అని, ఒక వైపు నుంచే చేయించుకునే చేత వెట్టి అని, వెట్టిని తెంచితే ఊరు చావదని, పైగా అప్పుడే దాని మొక్కు తొలిసారి నిజమవుతుందని ఆ రోజులు తేల్చాయి. నేను ఊరికి కట్టబెడుతున్న పవిత్రత పాత పల్లెకు ఇప్పటికే దక్కినది కాదు. అది తీర్చవలసిన బాకీ. వాడకు అది ఎక్కువగా తీర్చవలసి ఉంది.

ఇంకో అభ్యంతరం దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే. స్థలం ఊరు కాదని మీరే అన్నారు గనుక, ముంచితే నష్టమేముంది, మొక్కు మూట కట్టుకుని గట్టు మీదికి పోతే సరిపోదా అని ప్రాజెక్టు కట్టేవాడు నన్నే అడగగలడు. సరిపోదు. మొక్కు గాలిలో ఉండదు, దానికి వస్తువులు కావాలి. సద్దుల బతుకమ్మను నీళ్లలో వేయాలంటే చెరువు కావాలి, ఆ చెరువు కట్ట మీద కట్ట మైసమ్మ కావాలి. పెత్రమాస నాడు పెద్దలను తలుచుకోవాలంటే వాళ్లు కాలిన, పూడిన చోటు ఎరుకలో ఉండాలి. నాట్లకు ఒకరి పొలంలోకి ఇంకొకరు బదులు పోవాలంటే పొలాలు పక్కపక్కన ఉండాలి. వరదవెల్లి గుట్ట మీద దత్తాత్రేయుడి గుడి మునగలేదు, కానీ చుట్టూ నీళ్లు నిలిచాయి. దేవుడు మిగిలి దారి పోవడం అంటే ఏమిటో ఆ గుట్టను చూస్తే తెలుస్తుంది. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలులో పునరావాస గ్రామానికి ఉండవలసినవన్నీ రాశారు: రోడ్లు, మురుగు కాలువలు, పచ్చిక బయలు, శ్మశానం, పంచాయతీ భవనం, యాభై కుటుంబాలకొకటి చొప్పున ప్రార్థనా స్థలం, కూర్చుని మాట్లాడుకోవడానికి చెట్టు గద్దె. చెట్టు గద్దె దాకా ఆలోచించినవాళ్లను మెచ్చుకోవలసిందే. అయినా గద్దె మీద కూర్చోవడానికి ఒకరితో ఒకరికి పని ఉండాలి కదా. పరిహారం ఇంటింటికీ విడివిడిగా లెక్కగట్టి, విడివిడిగా ఇచ్చారు. సాగు పోయాక బదులు పోవడానికి పొలం లేదు. నిన్నటిదాకా ఒకరి కాలువ నీళ్లు ఇంకొకరి మడిలోకి పారిన మనుషులు ఇవాళ ఒకే కొలత ప్లాట్లలో ఎవరికి వారు కూలికి పోతున్నారు. కాబట్టి ముంపులో పోయినదాన్ని స్థలం పోయిందనడం తక్కువ చేసి చెప్పడమే. ఒకరికొకరు బాకీ పడే అవకాశం పోయింది. నష్టపరిహారం లెక్కల్లో ఇందుకు గడి లేదు. ఉండాలని నేను అంటున్నాను.

ఇదంతా సమాజశాస్త్రం కదా, దీనికి దేవుడెందుకు, ఒప్పందం అనుకుంటే చాలదా అని మిగిలేది ఒక ప్రశ్న. చాలదు. ఒప్పందం బతికున్నవాళ్ల మధ్య జరుగుతుంది, ఇద్దరికీ అక్కర తీరితే రద్దవుతుంది. ఊరిలో పాలుపంచుకునేవాళ్లలో చనిపోయినవాళ్లున్నారు, ఇంకా పుట్టనివాళ్లున్నారు, వేరే ఊరికి కోడలై పోయిన ఆడబిడ్డలున్నారు. వాళ్లెవరూ సంతకం పెట్టలేరు. వాళ్ల తరఫున మాట నిలిచి ఉండటానికి, ఏ ఒక్క ఇంటిదీ కాని సాక్షి ఒకటి కావాలి. ఆ సాక్షి ఇల్లు అమ్ముకుని పోకూడదు, ఎన్నికల్లో ఓడిపోకూడదు, ఒక కులం వైపు మాట్లాడకూడదు. రాయి మాట్లాడదు కాబట్టే ఆ పనికి తగింది. ఆ రాయిలో దేవుడున్నాడా అని నాస్తికుడు అడిగితే శబరస్వామి మాటనే చెప్పవచ్చు: రాయి ఏదీ అనుభవించదు, ఏదీ ఏలుకోదు. కానీ దాని ముందు నిలబడి నీళ్లు పోసినవాడికి, తాను పుట్టకముందే మొదలైన దానిలో తాను ఉన్నానని తెలుస్తుంది. ఆ ఎరుకకు దేవుడని పేరు పెట్టడం నాకు తప్పుగా తోచదు. లేదు, అది మా ఊరే అంటే, దానికీ నాకు అభ్యంతరం లేదు.

అందుకే గట్టు మీది కాలనీలో కొత్త బొడ్రాయి నిలపడం గురించి వచ్చే ప్రశ్నలు ముహూర్తం ప్రశ్నలు కావు. పరిహారం తీసుకుని కరీంనగర్‌లోనో సిరిసిల్లలోనో ఇల్లు కట్టుకున్నవాళ్ల నుంచి చందా తీసుకోవాలా? తీసుకోవాలి, ఎందుకంటే వాళ్లు ఇల్లు మార్చుకున్నారు గాని వాళ్ల తాతల చావుకు భుజం పట్టినవాళ్ల మనవలు ఈ వరుసల్లోనే ఉన్నారు. పాత ఊళ్లో వాడ ఒక మూలన ఉండేది. కాలనీలో ప్లాట్లు లాటరీలో వచ్చినా, జాబితా ప్రకారం వచ్చినా, మొదటి బిందె ఎవరు పోయాలో ఈసారి పాత వరుస ప్రకారం కాకుండా కొత్తగా కూర్చుని తేల్చుకోవచ్చు. ఇది మునక ఇచ్చిన ఒకే ఒక్క అవకాశం, దాన్ని వదులుకుంటే నీళ్ల కింద వదిలేయవలసినదాన్నే పైకి మోసుకొచ్చినట్టు అవుతుంది. పొలిమేర ఎక్కడ గీయాలి, పక్క కాలనీ మరో మునిగిన ఊరిదైనప్పుడు, రెండిటి నడుమ ఉన్నది ఒక తారు రోడ్డే అయినప్పుడు? కట్టడి నాడు ఆ రోడ్డు ఎవరు దాటకూడదు? ఆ నాడు పోయడానికి నీళ్లు ఎక్కడివి? చెరువు లేదు, చేదబావి లేదు. ఇళ్లకు నల్లాల్లో వచ్చేది, మిషన్ భగీరథ కింద ఎక్కువగా ఆ జలాశయం నీరే. పాత రాయి మీద నిలిచిన నీళ్లే బిందెల్లోకి వచ్చి కొత్త రాయి మీద పడతాయి. వాటిని తెచ్చి పోయడానికి ఆ పొద్దు ఎందరు ఇళ్లలోంచి బయటికి వస్తారో, ఎవరెవరి వెనుక నడుస్తారో, ఊరు ఉన్నదీ లేనిదీ అక్కడ తెలుస్తుంది.